అమ్మమ్మ వంటకు దస్తావేజు

ఉత్తర ఇటలీలో బొలోన్యా అని ఒక పాత నగరం ఉంది. 1982 అక్టోబరు 17న ఆ నగరపు వాణిజ్య మండలిలో ఒక వంటకం తయారీ విధానాన్ని, ఆస్తి కాగితాలు దాఖలు చేసినట్టుగా, దాఖలు చేశారు. చేసింది ఇటాలియన్ వంటల అకాడమీ స్థానిక శాఖ. వంటకం పేరు రాగూ. మన వంటింటి మాటల్లో చెప్పాలంటే, ఖీమాను ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ కాడలతో వేయించి గంటల తరబడి సన్నని సెగ మీద ఇగరబెట్టిన కూర. గుడ్లతో కలిపిన పిండిని పల్చగా ఒత్తి, పట్టీలుగా కోసిన తాల్యాతెల్లె అనే పాస్తాలో కలిపి తింటారు. ఆ పట్టీ వెడల్పును అంతకు పదేళ్ల ముందే, 1972లో, తేల్చేశారు. ఉడికిన తర్వాత 8 మిల్లీమీటర్లు ఉండాలట, అంటే నగరంలోని అసినెల్లి గోపురం ఎత్తులో 12,270వ వంతు. బంగారంతో ఒక నమూనా చేయించి పెట్టెలో దాచారు కూడా. పిండివంటను కొలవడానికి గోపురాన్ని తెచ్చిన వాళ్ల హాస్యప్రియత్వాన్ని మెచ్చుకోవాలి.

ఇటలీలో ఏ ఇంటి గడప తొక్కినా, మా అమ్మమ్మ రాగూ ఇలాగే చేసేది, ఆవిడకు వాళ్ల అమ్మ నేర్పింది అంటారు. అలా తల్లి నుంచి కూతురికి అందుతూ వచ్చిన వంటకు ఆఫీసు ముద్ర ఎందుకు కావలసి వచ్చిందన్నది మొదటి సందేహం. రెండోది ఇంకా ఆసక్తికరమైనది. 2023 ఏప్రిల్ 20న అదే అకాడమీ, అదే వాణిజ్య మండలిలో, అదే వంటకానికి కొత్త పాఠం దాఖలు చేసింది. పాత కాగితంలో గొడ్డుమాంసం 300 గ్రాములు, కొత్తదాంట్లో 400. పాతదాంట్లో టమాటా గుజ్జు ఐదు చెంచాలు, కొత్తదాంట్లో 200 గ్రాములు. పాతదాంట్లో గ్లాసు పాలు తప్పనిసరి, కొత్తదాంట్లో మన ఇష్టం. ముద్ర వేసి భద్రపరిచిన వంటకం నలభై ఏళ్లకే మారిందంటే, ముద్ర లేకుండా ఇంటింటా చేతులు మారిన వంటకం ఎంత మారి ఉంటుంది? ఇలా మారడాన్ని చాలామంది తరుగుదలగా చూస్తారు. తరాల వంటకం బతికేదే అలా అని, అందులో అందే అసలు వారసత్వం దినుసుల పట్టికలో లేదని ఈ ప్రసంగంలో చూపించే ప్రయత్నం చేస్తాను.

ముందు సాక్ష్యం. 1891లో పెల్లెగ్రీనో అర్తూసి అనే పట్టు వ్యాపారి, వ్యాపారం మానుకున్నాక, ఫ్లోరెన్స్‌లో తన సొంత ఖర్చుతో ఒక వంటల పుస్తకం అచ్చు వేయించాడు. ఆ దేశంలో ఇళ్లలో చేసే వంట మీద అంత ప్రభావం చూపిన పుస్తకం ఇంకొకటి లేదు. అందులో బొలోన్యా పద్ధతి పాస్తా ఉంది. మాంసం లేత దూడది, 150 గ్రాములు. ఉప్పులో ఊరబెట్టి ఆరబెట్టిన పంది మాంసం 50 గ్రాములు, వెన్న 40 గ్రాములు, పావు ఉల్లిపాయ, సగం క్యారెట్, కాస్త సెలెరీ, చిటికెడు పిండి, మాంసం ఉడికించిన రసం, జాజికాయ వాసన. అంతే. టమాటా ఊసే లేదు. ఇప్పుడు 2023 నాటి కాగితం తీసి పక్కన పెట్టండి. అందులో అనుమతించని మార్పులంటూ ఒక జాబితా ఉంది. దూడమాంసం వాడకూడదు, చిక్కదనానికి పిండి వేయకూడదు, వెల్లుల్లి కూడదు, బ్రాందీ కూడదు. అంటే ఇంటి వంటకు ఆద్యుడనదగ్గ అర్తూసి ఈరోజు బొలోన్యా వచ్చి తన పుస్తకం తెరిచి వండితే, రెండు దినుసుల దగ్గర ఆయన్ను తప్పు పడతారు. అర్తూసి కంటే వెనక్కి వెళితే, పాస్తాతో కలిపిన రాగూ ఆనవాళ్లు 18వ శతాబ్దం చివర ఇమోలా పట్టణపు బిషప్ గారి వంటవాడు అల్బెర్తో అల్విజి రాసుకున్న విధానంలో దొరుకుతాయి. ఆ బిషప్పే తర్వాత ఏడవ పయస్ పోపు అయ్యాడు. దానికీ ముందు రాగూ ఫ్రెంచి ధనికుల భోజనశాలలది. తరతరాల రైతు అమ్మమ్మల సొత్తు అనుకునే వంటకం పరాయి దేశపు పెద్దింటి నుంచి మతాధికారి వంటశాల మీదుగా, మధ్యతరగతి పుస్తకం మీదుగా ఇళ్లలోకి దిగింది.

ఈ మార్పులు ఎవరికో బుద్ధి పుట్టి చేసినవి కావు. టమాటా అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో ఇటలీకి చేరింది. 1544లో మాత్తియోలి అనే వైద్యుడు దాని గురించి రాశాడు. వంటల పుస్తకంలో టమాటా పచ్చడిలాంటిది కనిపించడానికి దాదాపు నూటయాభై ఏళ్లు పట్టింది, అదీ నేపుల్స్‌లో లతీని అనే రచయిత రాసిన పుస్తకంలో. పాస్తాతో టమాటా కలిపిన రాత 1839 నాటి కవల్‌కాంతి అనే రచయిత పుస్తకంలో ఉంది. 19వ శతాబ్దం రెండో సగంలో టమాటా డబ్బాలకెక్కింది, పార్మా చుట్టుపక్కల గుజ్జు చిక్కబరిచే కర్మాగారాలు వెలిశాయి. ఏడాది పొడవునా చెంచాడు గుజ్జు అందుబాటులోకి వచ్చాకే అది బొలోన్యా గిన్నెలోకి చనువుగా దిగింది. ఇంట్లో మాంసం కొట్టే యంత్రం వచ్చింది, కత్తితో కొట్టే శ్రమ తగ్గింది. అందరికీ ఆలివ్ నూనె అందాక కొవ్వు పాళ్లు మారాయి. ప్రతి మార్పు వెనకా ఒక బజారు, ఒక ధర, ఒక పనిముట్టు ఉన్నాయి. వండే మనిషి తన కాలంలో దొరికిన దానితో వండింది, అంతకంటే మరేం చేయగలదు?

మరి మారనిది ఏమిటి? 1891 పాఠాన్నీ 2023 పాఠాన్నీ దినుసుల కోసం కాక పనుల కోసం చదివితే జవాబు దొరుకుతుంది. రెండింటిలోనూ పంది కొవ్వు ఉన్న ఊరమాంసమే రుచికి పునాది. ఉల్లి, క్యారెట్, సెలెరీలను సన్నగా తరిగి ఆ కొవ్వులో మగ్గనివ్వడం ఉంది. మాంసాన్ని ముందు ఉడికించరు, రంగు తిరిగేదాకా వేయిస్తారు. నేటి పాఠం దాన్ని ఇంకా స్పష్టంగా చెబుతుంది: మాంసంలోని నీరంతా ఇగిరి గిన్నెలో చిటపట మొదలవ్వాలి, అప్పుడే ద్రాక్షసారా పోయాలి, అదీ పూర్తిగా ఆవిరయ్యాకే టమాటా, రసం వేసి రెండు మూడు గంటలు సన్నని మంట మీద వదలాలి. కొలతల్లో లేని విషయమంతా ఇక్కడే ఉంది. ఉల్లిపాయ ఎప్పటికి మెత్తబడిందో, ఎప్పటికి మాడబోతోందో గ్రాములు చెప్పవు. గిన్నెలో నీటి చప్పుడు ఎప్పుడు నూనె చప్పుడుగా మారిందో చెవి పట్టాలి. రెండో గంటలో రసం పోయాలా, మంట తగ్గించాలా అన్నది ఆ రోజు మాంసాన్ని బట్టి, గిన్నె మందాన్ని బట్టి ఉంటుంది. నేపుల్స్ వాళ్ల రాగూ వేరు, వాళ్లు మాంసాన్ని పెద్ద ముక్కలుగానే టమాటాలో వేసి ఉదయం నుంచి ఉడికిస్తారు. అక్కడా పరీక్ష ఇదే. గిన్నె ఉపరితలం మీద బుడగలు ఒక్కొక్కటిగా, తొందర లేకుండా లేవాలి. ఆ కదలికకు వాళ్ల యాసలో విడిగా ఒక క్రియాపదమే ఉంది. అమ్మమ్మ పక్కన నిలబడిన పిల్ల నేర్చుకునేది ఈ ఆనవాళ్లు పట్టడం. దూడమాంసం పోయి గొడ్డుమాంసం వచ్చినా, వెన్న పోయి నూనె వచ్చినా ఈ తీర్పు ఒక చేతి నుంచి మరో చేతికి అందుతూనే ఉంటుంది.

మార్సెల్లా హజాన్ సంగతి చూడండి. 1924లో ఇటలీలోని చెజెనాతికోలో పుట్టి, శాస్త్రాల్లో డాక్టరేట్లు చేసి, పెళ్లయ్యాక న్యూయార్క్ చేరిన ఆవిడకు అప్పటిదాకా వంట రాదు. ఆదా బోనీ అనే రచయిత్రి పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకుంది. 1973లో ఆవిడ రాసిన వంటల పుస్తకం అమెరికాకు ఇటాలియన్ ఇంటి వంటను పరిచయం చేసింది, అందులోని బొలోన్యా రాగూ ఎందరికో ప్రమాణమైంది. అమ్మమ్మ పక్కన నిలబడి నేర్చుకోవాలన్న మాటకు ఇది అడ్డుపడుతుందని ఎవరైనా అనవచ్చు. నాకు అలా అనిపించదు. పుస్తకం ఆవిడకు పనులు చెప్పింది. పని సరిగ్గా కుదిరిందా లేదా అన్నది మాత్రం చిన్ననాడు ఇంట్లో తిన్న రుచి జ్ఞాపకమే చెప్పింది. వారసత్వం కొన్ని ఇళ్లలో చేతి నుంచి చేతికి వస్తుంది, కొన్ని ఇళ్లలో నాలుక మీదుగా వస్తుంది.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటి అభ్యంతరం బలమైనది, పైగా పండితుల వైపు నుంచి వస్తోంది. పార్మా విశ్వవిద్యాలయంలో ఆహార చరిత్ర చెప్పే అల్బెర్తో గ్రాందీ, ఇటలీ సనాతన వంటకాలుగా చెలామణి అవుతున్నవాటిలో చాలా భాగం నిన్నమొన్నటివని వాదిస్తూ వచ్చాడు. 2023లో ఆ మాటలు అక్కడ పెద్ద దుమారం లేపాయి. ఆయన చూపే సాక్ష్యాలు కొట్టిపారేయదగినవి కావు. రోమ్ నగరపు ప్రాచీన వంటకమని చెప్పుకునే కార్బొనారా అనే పాస్తాకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రాతపూర్వక ఆధారం లేదు. 1954లో ఒక ఇటాలియన్ పత్రిక అచ్చు వేసిన తొలి పాఠాల్లో ఒకదానిలో వెల్లుల్లి, స్విట్జర్లాండ్ జున్ను ఉన్నాయి. ఈనాడు రోమ్‌లో ఆ రెండూ వేసి వడ్డిస్తే గొడవైపోతుంది. కాబట్టి సంప్రదాయం అంతా కల్పనే, వ్యాపార ప్రచారమే అన్న నిర్ణయానికి కొందరు వెళ్లిపోతారు. సాక్ష్యం వరకు నేను వాళ్లతోనే ఉన్నాను, నిర్ణయం దగ్గర విడిపోతాను. వంటకానికి ముద్ర వేసే అకాడమీ వారూ, ముద్ర చించే చరిత్రకారులూ ఒకరినొకరు తిట్టుకుంటున్నా, ఇద్దరి అడుగునా ఉన్న నమ్మకం ఒక్కటే: మారకుండా ఉంటేనే అది సంప్రదాయం. ఒకరు మారలేదంటారు, ఇంకొకరు మారింది కనుక అబద్ధమంటారు. ఆ నమ్మకాన్నే వదిలేస్తే తగువుకు చోటుండదు.

మారినా సంప్రదాయమే అన్న ఈ వాదనకు అమెరికా ఇటాలియన్ల ఆదివారపు కూర మంచి పరీక్ష. 1880 నుంచి 1924 వరకు నలభై లక్షల పైచిలుకు ఇటాలియన్లు అమెరికా వెళ్లారు, వారిలో అత్యధికులు దక్షిణాది పల్లెల పేదలు. వాళ్ల మనవలు, మునిమనవలు ఆదివారం పొద్దున్నే పెద్ద గిన్నె ఎక్కించి, టమాటాలో మాంసపు ఉండలు, సాసేజీలు, చుట్టిన మాంసపు పొట్లాలు వేసి మధ్యాహ్నం దాకా ఉడికిస్తారు. ముత్తవ్వ ఊరి నుంచి తెచ్చిన వంటకమని చెబుతారు. ఊళ్లో ముత్తవ్వకు అంత మాంసం ఎక్కడిది? ఆ పల్లెల్లో మాంసం పండుగనాటి ముచ్చట, మిగతా రోజులు రొట్టె, పప్పుగింజలు, ఆకుకూరలు. హాసియా డైనర్ అనే చరిత్రకారిణి 2001లో ప్రచురించిన పుస్తకంలో వలసదారుల ఆకలిని ముందు పెట్టుకునే వాళ్ల వంటను చదివింది. స్వదేశంలో భూస్వామి బల్ల మీద చూసిన తిండిని, అమెరికాలో కూలి డబ్బుతో వాళ్లు తమ బల్ల మీదికి తెచ్చుకున్నారు. అలా చూస్తే ఆ ఆదివారపు గిన్నె అబద్ధం చెప్పడం లేదు, మనవలు అనుకునే దానికంటే పెద్ద నిజం చెబుతోంది. ఆ కుటుంబం ఆకలి నుంచి బయటపడిన సంగతి అందులో ఉంది. ముత్తవ్వ నిజంగా ఊళ్లో తిన్నదాన్నే యథాతథంగా వండి పెడితే మనవలు ఆ సంగతి ఎన్నటికీ తెలుసుకోలేరు. అయితే ఒక షరతు. ఆ వంటకాన్ని ‘ఊరి వంటకం’ అని కాక, ‘ఊరు వదిలాక పుట్టిన వంటకం’ అని పిల్లలకు చెప్పాలి.

రెండో అభ్యంతరం గృహిణులు వేసేది, అందుకే ఇంకాస్త పదునైనది. ఏదైనా మార్చవచ్చంటే ఇక మిగిలేదేమిటి? రేపొకడు దాంట్లో డబ్బా మీగడ పోసి, రెండు గుప్పెళ్ల వెల్లుల్లి దట్టించి, ఇదీ బొలోన్యా రాగూయే అంటే ఒప్పుకోవాలా? ఒప్పుకోనక్కరలేదు. మార్పుకు హద్దు ఉంది, దాన్ని కాపలా కాసేది కాగితం కంటే ఎక్కువగా బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు. పాత రుచి నాలుక మీద ఉన్నవాళ్లు ఎదురుగా ఉన్నంతకాలం వండే మనిషి ఒక్కో అడుగే వేయగలదు. ఈ వారం పాలు మానేసి చూస్తుంది, ఎవరూ మూతి ముడవకపోతే అది నిలుస్తుంది. సంగతి ఏమిటంటే, 2023 పాఠంలో పాలు ఐచ్ఛికం కావడం కూడా ఇళ్లలో అప్పటికే జరిగిపోయిన దానికి ఒప్పుకోలులా కనిపిస్తుంది. కర్మాగారం సంగతి వేరు. దాని ఎదుట పాత రుచి తెలిసిన మనిషి కూర్చోదు, సీసా మీద పేరే కూర్చుంటుంది. అందుకే బజారులో అమ్మే సరుకుకు కట్టుదిట్టమైన చట్టం కావాలి. పార్మిజానో రెజ్జానో జున్ను కనీసం 12 నెలలు మాగాలని, ఫలానా ప్రాంతంలోనే తయారవ్వాలని ఐరోపా చట్టం చెబుతుంది, చెప్పడం న్యాయం కూడా. కొనేవాడిని మోసం నుంచి కాపాడే నియమాన్ని తెచ్చి ఇంటి పొయ్యి మీద పెట్టినప్పుడే చిక్కు వస్తుంది.

ఈ విషయంలో అంతర్జాతీయ చట్టం కూడా ముద్రవాదుల పక్షాన లేదు. అవ్యక్త సాంస్కృతిక వారసత్వం మీద యునెస్కో 2003 ఒడంబడిక ఆ వారసత్వాన్ని నిర్వచిస్తూనే, సమాజాలు దాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా సృష్టించుకుంటూ ఉంటాయని అంటుంది. 2025 డిసెంబరులో మన ఢిల్లీలో జరిగిన సమావేశంలో ఇటలీ వంట యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది, మన దీపావళి ఎక్కినదీ అక్కడే. చేర్చింది ఇటాలియన్ల వండే అలవాటును, ఏ ఒక్క వంటకపు కొలతలనూ కాదు. ఇటలీకి టమాటా వచ్చిన అమెరికా ఖండం నుంచే మనకు మిరపకాయ వచ్చిందన్నది కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. పోర్చుగీసు ఓడలు 16వ శతాబ్దంలో తెచ్చిన పంట అది, అంతకు ముందు మన ఘాటుకు ఎక్కువగా మిరియాలే దిక్కు. ఎర్రకారం కలిపి పెట్టే ఆవకాయ, దాని లెక్కన, ఐదు వందల ఏళ్లకు మించినది కాలేదు. గుంటూరులో ఈ మాట అంటే ఎవరైనా ఆవకాయ మనది కాదని ఒప్పుకుంటారా?

మూడో అభ్యంతరం నాకు నేనే వేసుకుంటున్నది. చేతి తీర్పే వారసత్వం అంటున్నాను సరే, ఆ చేయి ఎవరిది? నాలుగు గంటలు పొయ్యి దగ్గర నిలబడి బుడగలు చూసే పని ఇటలీలోనూ ఆడవాళ్ల మీదే పడింది. 1959లో నేపుల్స్ నాటకకర్త ఎదువార్దో దె ఫిలిప్పో శని, ఆది, సోమవారాల పేరుతోనే ఒక నాటకం రాశాడు. అందులో ఇల్లాలు రోజా శనివారమే రాగూ ఎక్కిస్తుంది. ఇంట్లో పుట్టిన రగడకు మూలం వెతుక్కుంటూ పోతే, భర్త ఎప్పుడో కోడలి చేతి పాస్తాను మెచ్చుకున్నాడన్న మనస్తాపం బయటపడుతుంది. బతుకంతా ఒక్క గిన్నెతోనే కొలిచినప్పుడు ఆ గిన్నెను ఇంకొకరు పొగిడితే తగిలే దెబ్బ అది. ‘మా అమ్మ చేసినట్టే ఉండాలి’ అన్న ఆజ్ఞ ఎక్కువగా వండనివారి నోటి నుంచి వస్తుంది, దాని ఖరీదు వండేవారు చెల్లిస్తారు. డబ్బా టమాటా, మాంసం కొట్టే యంత్రం, పాలు మానేయడం, ఇవన్నీ ఆ ఖరీదును తగ్గించుకున్న దారులు కూడా. మార్పును తప్పుపట్టే ముందు, ఆ మార్పు వల్ల ఎవరి ఆదివారం కాస్త తీరుబడి అయిందో చూడాలి.

అర్తూసి ఈ లెక్కను కొంతవరకు గుర్తించాడు. మొదటి ముద్రణలో 475 వంటకాలున్న పుస్తకం, 1911లో ఆయన చనిపోయేనాటికి 790కి పెరిగింది. పాఠకులు ఊరూరి నుంచి ఉత్తరాలు రాశారు, తప్పులు దిద్దారు, తమ ఇంటి విధానాలు పంపారు. వాటిని ఇంట్లో వండి పరీక్షించినవాళ్లు ఇద్దరు, వంటవాడు ఫ్రాంచెస్కో రుఫిల్లి, ఇంటి పనులు చూసే మరియెత్తా సబతీని. పనెత్తోనే అనే తీపి రొట్టెకు అర్తూసి మరియెత్తా పేరే పెట్టి అచ్చు వేశాడు, చనిపోతూ పుస్తకం హక్కులు ఆ ఇద్దరికీ రాసి ఇచ్చాడు. ఆయన సొంత ఊరు ఫోర్లింపోపోలిలో ఇప్పుడు అర్తూసి పేరుతో ఒక వంటల కేంద్రం నడుస్తోంది. అక్కడ పిండి ఒత్తడం నేర్పే స్త్రీలను మరియెత్తాలనే పిలుస్తారు. వచ్చినవాళ్ల చేతికి పొడవాటి అప్పడాల కర్ర ఇచ్చి, పిండి ఎంత పల్చబడితే చాలో వేళ్లతో పట్టి చూసుకోమంటారు.